వంత

స్వనేతీ కొండల్లో చావుపాటకు మాటలుండవు.
ఓ... వోయ్... అంతే.
కానీ మూడు గొంతులు కావాలి.
రెండైతే అది పాట కాదు,
ఇద్దరు మనుషులు ఏడుస్తున్నట్టుంటుంది
అంటాడు ప్లాతోన్.
ఆయనది అడుగు గొంతు,
బండ కింద నీళ్ళు కదిలినట్టు.

పై గొంతు జోకియా
నిరుడు మంచుచరియ కింద పోయాడు.
నడిమి గొంతు బిద్జినా బతికే ఉన్నాడు,
గొంతే పోయింది.
కుతైసీ ఆసుపత్రిలో కోసి తీసేశారు.
మెడలో చొక్కా గుండీ అంత కన్నం,
దాని మీద గాజుగుడ్డ,
చేతిలో మనవరాలి పలక.

నేను తిబిలిసీలో శబ్దాలు శుభ్రం చేసే దాన్ని.
రొద తీస్తాను, దగ్గు తీస్తాను,
ప్రకటనల్లో పాలు పోసిన చప్పుడు పెడతాను.
ఎనభై మూడులో ఎవరో రికార్డు చేసి మరిచిపోయిన ఆరు టేపులు
నా చేతికొస్తే యంత్రానికి తినిపించాను.
మూడు రాత్రులు నమిలింది.
నాలుగో ఉదయం కాఫీ కలుపుకుంటుండగా
చనిపోయినవాడూ, గొంతు లేనివాడూ
నా వంటింట్లో పాడారు.
చెంచా కింద పడింది.
అబద్ధమెందుకు, ఏడ్చాను.
తర్వాత బిల్లు రాశాను.

జోకియా భార్య మాక్వాలా పోయిన రోజు
స్పీకరు మోసుకుని కొండెక్కాను.
శవపేటిక పక్కన బల్ల, బల్ల మీద స్పీకరు,
దాని మీద ఎవరో అలవాటుగా కొవ్వొత్తి నిలబెట్టారు.
ప్లాతోన్ టోపీ తీసి ఎత్తుకున్నాడు.
యంత్రం అందుకుంది.

ఎంత బాగా అందుకుందంటే
ఆయన ఎటు ఒరిగితే అటు ఒరిగింది,
ఊపిరి తడబడితే తానూ నిదానించింది,
శ్రుతి కాస్త దిగితే మర్యాదగా తానూ దిగింది.
ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.
ఒకామె "జోకియా!" అంటూ లేచింది కూడా.

బిద్జినా అరచేత్తో బల్ల మీద కొట్టాడు.
ప్లాతోన్ ఆగాడు.
యంత్రం ఇంకాస్త పాడి, ఆగింది.
పలక మీద సుద్ద కిరకిర:
"ఇక్కడ నేను లేను."

నాకర్థం కాలేదు. మళ్ళీ రాశాడు:
"నేను ఆలస్యంగా వస్తాను."

నిజమే, వచ్చేవాడు. ప్రతి టేపులోనూ
మూడో మలుపు దగ్గర రెప్పపాటు వెనకపడేవాడు.
టేపు సాగిపోయిందనుకున్నాను.
నేనే ముందుకు జరిపాను, ఆరు చోట్ల,
కంచంలో మెతుకును గోటితో జరిపినట్టు.

మోచేత్తో చెరిపి రాశాడు:
"జోకియాకి దమ్ము చాలదు. వాడి కోసం ఆగేవాణ్ణి."

నలభై ఏళ్ళు పక్కన నిలబడి పాడిన ప్లాతోన్‌కే ఇది తెలీదు.
బద్ధకమని తిట్టేవాడట.
టోపీని రెండు చేతులా నలుపుతూ
ఎటు చూడాలో తెలియక
కొవ్వొత్తిని చూశాడు.

వంత పాడటం వేరు, గొంతు కలపడం వేరని
అందరికీ తెలిసిన ముక్కే.
నాకు ఆ రోజు అంకెల్లో తెలిసింది:
సెకనులో అయిదో వంతు.

ప్లగ్గు పీకాను.
ప్లాతోన్ ఒక్కడే పాడాడు, రెండు గొంతుల చోటు ఖాళీగా వదిలి.
మూడో మలుపు దగ్గర ఆగాడు.
బిద్జినా మెడ మీది గాజుగుడ్డ
ఒక్కసారి ఉబ్బి, అణిగింది.
అది బాగుందని నేననను.
చెవికి స్పీకరే బాగా పాడింది.

ఇంటికొచ్చి ఆరు చోట్లా వెనక్కి జరిపాను.
ఇప్పుడు యంత్రం కచ్చితంగా ఆలస్యమవుతుంది,
ఎవరి కోసమూ ఆగకుండానే.

నెల తర్వాత బిద్జినా నుంచి ఫోనులో నాలుగు మాటలు:
"ఆ గొంతుతో ఆవుని పిలిపిస్తావా?
పేరు త్సాబ్లా. చప్పట్లకి రావడం లేదు."

టేపుల్లో ఆవుని పిలిచింది ఎక్కడా లేదు.
ఊహించి పిలవమన్నాను. పిలిచింది. పంపాను.
ఆవు తల తిప్పిందట.
బిద్జినా పలక నిండా అదే రాసి
ఊరంతా చూపించాడట.

ప్లాతోన్ మాత్రం ఒప్పుకోడు.
అది ఉప్పు పెట్టే వేళ, అంటాడు,
ఎవరు పిలిచినా తిప్పేది.